ఖాళీలు అటు, పిల్లలు ఇటు

మా ఆఫీసు గోడ మీద ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతాలన్నీ ఉన్న పెద్ద మ్యాపు ఒకటి ఉండేది. అందులో ఘాజియాబాద్ మీద బొటనవేలు ఆనిస్తే చిటికెన వేలు గురుగ్రామ్‌ను అందుకునేది. ఎన్నోసార్లు అలా జానపెట్టి చూసుకుని, ‘ఇంతేగా’ అనుకున్నాను.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని పని ఏది?" అని అడుగుతుంటారు. వీడ్కోలు సభలో శాలువా కప్పించుకుని చెప్పినవి కొన్ని ఉన్నాయి. అవి వదిలెయ్యండి, అలాంటివి అందరికీ ఉంటాయి. ఆ సభలో నేను నోరెత్తనిది ఒకటుంది. వినడానికి ఏమంత బాగుండదు. అయినా మీరు రేపు పట్టికలు వేసేవాళ్లు కాబట్టి వినండి.

నాది కేంద్ర ప్రభుత్వంలో గణాంకాల ఉద్యోగం. గోదావరి జిల్లా నుంచి పోస్టింగ్ ఆర్డరూ రెండు ట్రంకు పెట్టెలూ పట్టుకుని ఢిల్లీలో దిగాను. సరోజినీ నగర్‌లో క్వార్టరిచ్చారు. ఇంటి దగ్గర చార్టర్డ్ బస్సు ఎక్కితే ఆఫీసు గేటు ముందు దింపేది. సర్వీసంతా అలాగే గడిచింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

చివరి కొన్నేళ్లు నాకు అప్పజెప్పిన పని ఇది. ఏ ప్రాంతంలో ఏ ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయి, అక్కడి పిల్లలు ఏం చదువుతున్నారు, ఏ కోర్సు పెడితే ఎంతమందికి పని దొరుకుతుంది, అన్నది లెక్కగట్టి చెప్పాలి. ఢిల్లీ చుట్టూ ఉన్న ఊళ్లతో పెద్ద తలనొప్పి. ఘాజియాబాద్ ఒక రాష్ట్రం, గురుగ్రామ్ ఇంకో రాష్ట్రం, మధ్యలో ఢిల్లీ. ఎవరి లెక్క వాళ్లదే. ఒకరి ఫారం ఇంకొకరికి పనికిరాదు, ఒకరి సంవత్సరం ఇంకొకరి సంవత్సరంతో కలవదు. నేనూ మా జూనియరూ కూర్చుని ఆ మూడింటినీ కలిపి ఒక్క పట్టిక చేశాం. తలప్రాణం తోకకొచ్చిందనుకోండి.

మా జూనియర్ వరంగల్ వైపు కుర్రాడు. పట్టిక పూర్తయిన రోజు కుర్చీలో వెనక్కి వాలి, "మేడమ్, గిట్ల మూడు స్టేట్లు కలిపి ఇప్పటిదాంక ఎవ్వరు జెయ్యలె. మనమే ఫస్ట్," అన్నాడు. నాకూ గర్వంగానే అనిపించింది. ఎందుకనిపించదు? సరిహద్దులన్నీ చెరిపేసి ఇదంతా ఒకే ప్రాంతమని చూపించాం కదా.

ఆ పట్టికలో ఒక వరస అందరి కళ్లకూ ఆనింది. పెద్ద పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో రోగుల్ని కనిపెట్టుకుని ఉండే సహాయకులు చాలడం లేదు. మంచం మార్చడం, ఒళ్లు తుడవడం, నర్సు చేతికి కావాల్సినవి అందివ్వడం, ఇలాంటి పనికి. ఆ ఖాళీల్లో చాలా భాగం గురుగ్రామ్ వైపే. ఇక ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ఎక్కువగా ఉన్నది ఘాజియాబాద్ వైపు. మా డైరెక్టర్ గారిది లక్నో, మాట తేనె. "మేడమ్ జీ, కమాల్ కర్ దియా ఆప్‌నే," అని మెచ్చుకుని, ఘాజియాబాద్‌లో మూతబడిన ఒక ప్రభుత్వ హాస్టలు బిల్డింగు ఖాళీగా ఉందని అప్పటికప్పుడే తేల్చేశారు. బిల్డింగు దొరికితే మా ఆఫీసుల్లో సగం ప్లానింగ్ అయిపోయినట్టే. ట్రైనింగ్ సెంటరు అక్కడే పెట్టారు.

సెంటరు మొదలైన కొత్తలో చూసి రమ్మని నన్ను పంపారు. పాఠాలు చెప్పే సిస్టర్ గారు నా పేరు వినగానే దగ్గరికొచ్చి, "మేడంగారూ, మీరు తెలుగోళ్లా? మాది చీరాల కాడ," అంది. చిన్నతనంలోనే నర్సు ట్రైనింగు చేసి, చర్చి వాళ్ల సాయంతో ఢిల్లీకొచ్చి, ఎన్నో వార్డుల్లో పనిచేసిన మనిషి. భర్తకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక రాత్రి డ్యూటీలు చేయలేక, జీతం తక్కువైనా ఇంటి పక్కనే ఉందని ఈ సెంటర్లో చేరింది. కూడబెట్టిందంతా పోసి అక్కడే ఒక చిన్న ఫ్లాట్ కొనుక్కున్నారు.

"మా పిల్లని గూడా ఈ బ్యాచ్‌లోనే చేర్చా మేడం. ఏ చదువు చదివితే ఉద్యోగం వచ్చుద్దో లెక్కలేసేది మీ ఆఫీసేనంట గదా? నిజంగా వచ్చుద్దా?"

"వస్తుందమ్మా. ఎంతమంది కావాలో నేనే స్వయంగా లెక్కేశాను," అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆ పిల్ల అప్పుడే మంచం మీద దుప్పటి పరుస్తోంది. నాలుగు మూలలూ ముడత లేకుండా లాగి మడిచి, నా వైపు చూసి నవ్వి, వచ్చి నా చెయ్యి పట్టుకుంది. గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టి, "ఆంటీ, ఆప్‌కా పల్స్ తో భాగ్ రహా హై!" అంది. మీ నాడి పరుగులు పెడుతోందని వేళాకోళం. తల్లి కసిరింది. "పెద్దావిడతో ఏందే ఆ మాటలు? తెలుగులో మాట్లాడు." పిల్ల భుజాలెగరేసి, "సమఝ్‌తీ హూఁ నా, మమ్మీ," అని పారిపోయింది. తెలుగు అర్థమవుతుంది, పలకదు. ఢిల్లీలో పుట్టిన మన పిల్లలంతా అంతే, మా ఇంట్లో వాళ్లూ అంతే.

ఆ పిల్ల మనసులో ఉన్నది నాకు సిస్టర్ గారే చెప్పింది. తల్లిలాగా పూర్తి నర్సు కావాలి. ఆ చదువుకు డబ్బు ఇంట్లో లేదు. ముందు ఈ కోర్సు చేసి, పెద్ద ఆసుపత్రిలో చేరి, తన జీతంతోనే తను నర్సింగ్ చదువుకోవాలని దాని ఆలోచన. "మా ఆయన మందులు నా జీతంలో పోతన్నయ్. దాని చదువు అదే చూసుకుంటానంటది మేడం. దానికి ఉన్నది ఈ దారొక్కటే," అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో దిగులు లేదు, ధీమా ఉంది. నేనిచ్చిన ధీమా అది.

కోర్సు అయిపోయింది. గురుగ్రామ్ నుంచి రెండు ఆసుపత్రుల వాళ్లు కార్లలో వచ్చి ఇంటర్వ్యూలు చేసి, బ్యాచ్ మొత్తానికీ ఆఫర్ లెటర్లు ఇచ్చేశారు. ఆ రోజు నేనూ, డైరెక్టర్ గారూ, మా జూనియరూ వెళ్లాం. లెటర్లు పంచేముందు సిస్టర్ గారు కళ్లు మూసుకుని తెలుగులో ప్రార్థన చేసింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ పిల్లలంతా తలలు వంచి నిలబడ్డారు. తర్వాత లడ్డూలు, ఫోటోలు. డైరెక్టర్ గారు అందరికంటే ముందు వరసలో నిలబడ్డారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగా సంతోషించాను, ఎందుకు దాచాలి?

ఫోటోలయ్యాక సిస్టర్ గారు నన్ను పక్కకు పిలిచింది.

"మేడం, పొద్దుటి డ్యూటీ ఏడింటికంట. మొదటి మెట్రో ఎక్కినా అందదు గదా. ఇది ఇంట్లో ఎప్పుడు బయల్దేరాల?"

నాకు ఆ ప్రశ్నే విచిత్రంగా తోచింది. "అక్కడే దగ్గర్లో హాస్టల్ చూసి పెట్టండమ్మా. ఉద్యోగం ఎక్కడుంటే మనిషి అక్కడ ఉండాలి కదా. మేమంతా అలాగే వచ్చాం," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "హాస్టలుకి పెడితే జీతంలో ఇంకేం మిగులుద్ది మేడం? మరి చదువో? ఆయన్ని పక్కకి తిప్పాలన్నా ఇంట్లో ఇద్దరుండాల."

"మెల్లగా అన్నీ సర్దుకుంటాయి," అని కారెక్కాను.

చూశారా, ఇదీ మా జాతి వాళ్లు మాత్రమే చేసే పొరపాటు. కాలేజీ నుంచి నేరుగా సర్కారు కొలువులోకి వచ్చిన వాళ్లం. పోస్టింగ్ ఆర్డర్ వస్తే ట్రంకు పెట్టె సర్దుకోవడం, వెళ్లిన చోట క్వార్టర్ తీసుకోవడం, పిల్లల్ని అక్కడి స్కూల్లో వేయడం. ఇల్లనేది ఉద్యోగం వెనకాలే నడిచొస్తుందని మాకు ఒంట్లో జీర్ణించుకుపోయింది. మా ఆఫీసులో ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి, ఆ పట్టిక చూసినప్పుడు ‘ఈ పిల్లలు అక్కడికి ఎలా వెళ్తారు?’ అన్న ప్రశ్న రాలేదు. ఎవరో కావాలని దాచింది కాదు. మాకు తట్టలేదు, అంతే.

పిల్ల మాత్రం మొండిది. వెళ్లింది. హాస్టల్ లేకుండానే. చీకటితోనే లేచి షేర్ ఆటో, అక్కడి నుంచి బస్సు, ధౌలా కువాన్‌లో దిగి ఇంకో బస్సు, మళ్లీ ఆటో. మధ్యాహ్నం డ్యూటీ పడిన రోజుల్లో తిరిగొచ్చేసరికి వీధిలో మనిషి అలికిడి ఉండదు. తల్లి చౌరస్తాలో శాలువా కప్పుకుని నిలబడేది. ఇంట్లో ఆయన ఒక్కడే. చలికాలం వచ్చింది, పొగమంచులో బస్సులు కదిలేవి కావు. ఆలస్యమైన ప్రతిసారీ సగం రోజు జీతం కోత. ఒకరోజు ఎవడో బస్సు దిగిన దగ్గర్నుంచి ఆటో స్టాండు దాకా వెంటపడ్డాడు. పిల్ల పరుగెత్తుకొచ్చి ఆటో ఎక్కింది. ఇంటికొచ్చి ఏడవలేదట. బూట్లు విప్పి తుడిచి అలమారలో పెట్టేసిందట. మర్నాడు వెళ్లలేదు.

ఇదంతా సిస్టర్ గారు ఫోన్‌లో చెప్పింది. చివర్న, "మిగతా పిల్లలు అసలు చేరనే లేదు మేడం. ఒకరిద్దరు చేరినా ఇదే కత. మీకు ఎవరూ చెప్పలేదా?" అంది.

ఎవరు చెప్తారు? మా లెక్కలో ఆఫర్ లెటర్ ఇస్తే ఉద్యోగం వచ్చినట్టే. మొదటి బ్యాచ్ ఎదురుగా ‘అందరికీ’ అని రాసేసి ఫైలు మూసేశాం. మా జూనియర్‌ని కూర్చోబెట్టి బ్యాచ్‌లో ప్రతి పిల్లకూ ఫోన్ చేయించాను. చేరావా, ఉన్నావా, లేకపోతే ఎందుకు లేవు, ఇంతే ప్రశ్న. వాడు సాయంత్రానికి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మేడమ్, అందరు ఒక్కటే ముచ్చట జెప్తున్రు. దూరమంట. గంతే. పని రాదని ఒక్కరు గూడ అనలె."

ఒక పేజీ నోట్ రాశాను. గురుగ్రామ్‌లో ఖాళీలు ఉన్నది పనొచ్చిన పిల్లలు లేక కాదు, ఉన్న పిల్లలు అక్కడికి చేరలేక. సెంటరునైనా అటు మార్చాలి, లేదా ఆసుపత్రుల చేత డ్యూటీ వేళలకు బస్సు వేయించాలి. అది జరిగితే ఆ పిల్ల మళ్లీ వెళ్తుందని సిస్టర్ గారు నాకు మాటిచ్చింది. ఆ ఆశతోనే మీటింగుకి వెళ్లాను.

ఆ మీటింగు రోజు మాత్రం నాకు నిన్నటిలా గుర్తుంది. పొడవాటి బల్ల, బల్ల మీద బిస్కెట్లు, బల్ల కొసన పెద్దాఫీసరు గారు. మా డైరెక్టర్ గారు కొత్త పట్టికను తెర మీద వేశారు. నా పట్టికే, ఈ ఏడాది అంకెలతో. ఆసుపత్రుల్లో ఖాళీలు కిందటేడు కన్నా పెరిగాయి. పెరగవూ మరి? ఎవరూ చేరలేదుగా. ఆ పక్కనే, మన సెంటర్లో చదివిన వాళ్లందరికీ ఉద్యోగాలు. రెండూ చూపించి డైరెక్టర్ గారు, "కొరత పెరుగుతోంది సర్, మన కోర్సు విజయవంతమైంది. కాబట్టి ఘాజియాబాద్‌లో సీట్లు రెట్టింపు చేయాలి," అన్నారు.

చెయ్యెత్తాను. "సర్, ఆ ఖాళీలు మనవాళ్లు వెళ్లలేకపోయిన ఖాళీలే. అవి చూపించి ఇంకా సీట్లు పెంచితే ఇంకా ఎక్కువమంది ఇంట్లో కూర్చుంటారు. నా నోట్ మీ ముందుంది."

పెద్దాఫీసరు గారు నోట్ తిప్పి చూశారు. చెడ్డ మనిషేం కాదు. "మేడమ్, ఆఫర్ ఇచ్చామా లేదా? చేరకపోవడం పర్సనల్ రీజన్. దానికి డిపార్ట్‌మెంట్ ఏం చేస్తుంది?"

"కనీసం బస్సు, సర్."

"బస్సు మన పరిధిలోకి రాదు. మూడు రాష్ట్రాల రవాణా శాఖలు కూర్చోవాలి. అది జరిగే పనేనా?"

ఒళ్లు మండింది. నా సర్వీసులో పై ఆఫీసరు ముందు గొంతు పెంచింది ఆ ఒక్కసారే. "సర్, ఈ గదిలో ఎవరి క్వార్టర్ ఎక్కడుందో ఒక్కొక్కరినీ చెప్పమనండి. తెల్లారకముందు మూడు బండ్లు మారి ఆఫీసుకొచ్చే వాళ్లు ఒక్కరుంటే నేను కూర్చుంటాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేను, నాదీ సరోజినీ నగరే. డైరెక్టర్ గారు మెల్లగా నా మోచెయ్యి తట్టి, "మేడమ్ జీ, చాయ్ లీజియే," అన్నారు. ఠీక్ హై, ఠీక్ హై అంటూ తర్వాతి అంశంలోకి వెళ్లిపోయారు. సీట్లు రెట్టింపయ్యాయి. మినిట్స్‌లో నా పేరు రాలేదు, నా నోట్ ఊసూ లేదు. ‘మూడు రాష్ట్రాల సమాచారాన్ని కలిపిన పట్టిక నిర్ణయానికి ఎంతో ఉపకరించింది’ అని మాత్రం రాశారు. మూడు రాష్ట్రాలను పట్టికలో కలపగలిగాం గానీ, ఒక్క బస్సును ఆ సరిహద్దు దాటించలేకపోయాం.

లిఫ్టు దగ్గర మా జూనియర్, "వదిలెయ్యిండ్రి మేడమ్, మీరు జెప్పిన్రు. గది చాలు," అన్నాడు. చాలదని వాడికీ తెలుసు. సిస్టర్ గారికి ఫోన్ చేసి చెప్పాల్సింది నేనే కదా. చెప్పాను. ఆమె, "సర్లెండి మేడం, మీరు మాత్రం ఏం చేస్తారు," అంది. తిట్టినా బాగుండేది.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. మా స్తోమతకు ఢిల్లీలో ఇల్లెక్కడ దొరుకుతుంది? ఘాజియాబాద్‌లోనే ఫ్లాట్ తీసుకున్నాం. సిస్టర్ గారి ఇంటికి ఐదు నిమిషాల నడక. కావాలని తీసుకున్నది కాదు, అలా కుదిరింది. ఆదివారాలు చర్చికి వెళ్తూ కనిపించేది. పిల్ల దగ్గర్లోనే ఒక బట్టల కొట్లో పనికి కుదిరిందని చెప్పింది. నర్సింగ్ మాట నేను ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

కిందటి చలికాలంలో నా మోకాలికి ఆపరేషన్ అయింది. పెన్షనర్లకు ఇచ్చే కార్డు పనిచేసే ఆసుపత్రుల్లో డాక్టరు చెప్పింది గురుగ్రామ్‌లోది. ఎక్కడో కాదు, ఆ పిల్ల చేరి మానేసిన ఆసుపత్రే. ఆపరేషన్ బాగా చేశారు. కానీ ఆ తర్వాత మంచం మీద ఒక్కదాన్నే ఉన్నప్పుడు బాత్రూముకి వెళ్లాల్సొచ్చి బెల్ నొక్కాను. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కాను. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, రాలేదు. ఆపుకోలేకపోయాను. ఈ వయసులో, తడిసిన దుప్పటిలో, ఒక ఆఫీసరుగా రిటైరైన మనిషిని, చిన్నపిల్లలా ఏడ్చాను. చాలాసేపటికి పరుగున వచ్చిన నర్సు, పాపం అంతస్తు మొత్తానికీ తనొక్కతే, దుప్పటి మారుస్తూ గొణిగింది. "సారీ ఆంటీ, స్టాఫ్ లేరు. ఘాజియాబాద్ నుంచి ట్రైనింగ్ అయిన అమ్మాయిలు లెటర్లు తీసుకుంటారు, చేరరు. వాళ్లకి పనిచెయ్యాలని ఇంట్రెస్ట్ లేదు."

నా పట్టికలో నేను లెక్కపెట్టిన ఖాళీ అదే. ఇప్పుడు అందులోనే పడుకుని ఉన్నాను.

ఇంటికొచ్చాక కట్టు మార్చడానికి మనిషి కావాల్సొచ్చింది. సిస్టర్ గారికి చెబితే, "మా పిల్లనే పంపుతా, కొట్టు తీసేలోపు వచ్చి చేసిపోద్ది," అంది. వచ్చింది. కాస్త చిక్కింది గానీ అదే నవ్వు. చేతులు కడుక్కుని, దిండు సర్ది, నొప్పి తెలియకుండా పాత కట్టు విప్పింది. పరుపు మీద దుప్పటి నలిగి ఉంటే, అడగకుండానే నాలుగు మూలలూ లాగి మడిచింది.

"ఇంకా ఉద్యోగం కోసం చూస్తున్నావా?" అడిగాను.

"ఢూండ్‌తీ హూఁ నా, ఆంటీ. జహాఁ తక్ ఆటో జాతా హై." చూస్తూనే ఉన్నాను, ఆటో వెళ్లేంత దూరం వరకు, అంది. విసుగేమీ లేదు గొంతులో.

కొత్త కట్టు చుడుతూ, తనకు తెలిసిన ఆసుపత్రే కాబట్టి కాబోలు, అక్కడ బాగా చూసుకున్నారా అని అడిగింది. బాగానే చూసుకున్నారని చెప్పొచ్చు. నోరు రాలేదు. బెల్ సంగతి చెప్పాను, దుప్పటి తడిసిన సంగతి కూడా చెప్పేశాను. నర్సు అన్న మాట మాత్రం మింగేశాను.

పిల్ల చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ నాతో తెలుగులో ఒక్క మాట మాట్లాడనిది, తడుముకుంటూ, నెమ్మదిగా అంది.

"నేనుంటే వచ్చేదాన్ని, ఆంటీ."